కొత్త రూట్ కొనేముందు: ట్రైన్ సిమ్యులేటర్‌లో పొడవెంత, విలువెంత? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయవాడ, మధురానగర్. గుడివాడ లైనులో బండి పోతే హార్న్ మా ఇంట్లోకి వినిపిస్తుంది. 2001లో మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ వచ్చినప్పటి నుంచి, కంప్యూటర్‌లో రైలు నడిపే ఈ ఆటలతోనే ఉన్నాను. వీటిలో రూట్ అంటే ఆటలో బండి నడపడానికి విడిగా కొనుక్కునే ఒక రైలు దారి. ఇక్కడా, గుంటూరులోనూ సిమ్యులేటర్ నడిపే కుర్రాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను పదే పదే అడిగేవాటిని ఒకచోట చేర్చాను. ఎన్ని రకాలుగా అడిగినా అందరి మనసులో ఉన్న మాట ఒకటే: ఈ రూట్ ఇన్ని కిలోమీటర్లే కదా, ఇంత డబ్బు పెట్టొచ్చా?

రూట్ ఎంత పొడవుంటే అంత విలువ అనుకోవచ్చా?

అనుకోకూడదు. మన ఊరి లైన్లతోనే చెబుతాను. విజయవాడ నుంచి గూడూరు దాదాపు 293 కిలోమీటర్లు. విజయవాడ, గుంటూరు, తెనాలి ఊళ్లను కలిపే త్రికోణం మూడు వైపులా కలిపినా సుమారు 90 కిలోమీటర్లే. ఈ రెండూ ఒకే ధరకు అమ్మకానికి వచ్చాయనుకోండి. నేను రెండో ఆలోచన లేకుండా త్రికోణమే కొంటాను.

ఎందుకో చూడండి. విజయవాడ స్టేషన్‌లో పది ప్లాట్‌ఫారాలు. కాజీపేట వైపు నుంచి, విశాఖ వైపు నుంచి, గుడివాడ నుంచి, కృష్ణ అవతల నుంచి బళ్లు వచ్చి పడుతుంటాయి. ప్లాట్‌ఫారం ఖాళీ లేదని అవుటర్‌లో ఆపేయడం మనకు అలవాటే. ప్రయాణికుడికి అది చిరాకు, సిమ్యులేటర్ నడిపేవాడికి అదే అసలు ఆట. డబుల్ ఎల్లో చూసి వేగం తగ్గించాలి, ఎల్లో చూసి ఇంకా తగ్గించాలి, రెడ్ ముందు మెత్తగా ఆపాలి. సిగ్నల్ రాగానే నదిమీద వంతెన, ఒక పక్క ప్రకాశం బ్యారేజి. విజయవాడ నుంచి వెళ్లే దిశలో అయితే వంతెన దాటగానే కృష్ణా కెనాల్ జంక్షన్ వస్తుంది. అక్కడ మంగళగిరి మీదుగా గుంటూరుకు ఒక దారి, దుగ్గిరాల మీదుగా తెనాలికి ఇంకో దారి. గుంటూరు నుంచి తెనాలికి అడ్డంగా మూడోది. ఇవాళ ప్యాసింజర్, రేపు గోల్కొండ ఎక్స్‌ప్రెస్, ఎల్లుండి బొగ్గు రేక్, అంటే బొగ్గు మోసే గూడ్స్ బండి. నెల రోజులు నడిపినా ఏ రోజుకు ఆ రోజు కొత్త పని ఉంటుంది.

గూడూరు దారి అందం లేనిదని అనను. పెన్నా వంతెన మీదుగా నెల్లూరు చేరడం నాకు చాలా ఇష్టం. కానీ ఆ దారిలో ఎక్కువసేపు చేయాల్సిన పని వేగం నిలబెట్టుకోవడమే. ఒకసారి మొత్తం నడిపాక రెండోసారి మొత్తం నడిపేవాళ్లు తక్కువ. ఎక్కువమంది ఒంగోలు దాకా వెళ్లి ఆపేస్తారు. అంటే డబ్బిచ్చి కొన్న కిలోమీటర్లలో సగం ఆ తర్వాత ఎప్పుడూ వాడరు.

కిలోమీటర్లు కాకపోతే మరి దేంతో కొలవాలి?

గంటలతో. ఆ రూట్‌లో మీరు నిజంగా ఎన్ని గంటలు కూర్చుంటారో దాంతో.

ట్రైన్ సిమ్ వరల్డ్ అనే ఆటలోంచి రెండు ఉదాహరణలు తీసుకుంటాను. గ్రేట్ వెస్టర్న్ ఎక్స్‌ప్రెస్ అనే రూట్ లండన్ ప్యాడింగ్టన్ నుంచి రీడింగ్ దాకా, సుమారు 58 కిలోమీటర్లు. అక్కడ హైస్పీడ్ బండి గంటకు 200 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మధ్యలో ఆగకపోతే అరగంటలోపే ప్రయాణం అయిపోతుంది. రెండోది స్విట్జర్లాండ్‌లోని ఆరోజా లైను, కూర్ నుంచి ఆరోజా దాకా 26 కిలోమీటర్లే. అంటే మన విజయవాడ–గుంటూరు దూరం కంటే తక్కువ. కానీ ఆ కాస్త దూరంలోనే బండి 1,100 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతుంది. బాగా నిటారుగా ఉన్నచోట వెయ్యి మీటర్లు ముందుకు వెళితే 60 మీటర్లు పైకి లేచే వాలు అది. కూర్‌లో బండి వీధిలో కార్ల మధ్యనే నడుస్తుంది. తర్వాత లోయలు, సొరంగాలు, 1914లో కాంక్రీటుతో కట్టిన 62 మీటర్ల ఎత్తు లాంగ్‌వీస్ వంతెన. పైకి చేరడానికి దాదాపు గంట పడుతుంది, ఆ గంటలో ఒక్క నిమిషం కూడా చేతులు ఖాళీగా ఉండవు. దిగేటప్పుడు ఇంకా కష్టం, ఎందుకంటే బ్రేకు మీదే మొత్తం ఆధారం.

పొడవు చూస్తే రెండోది మొదటిదాంట్లో సగం కూడా లేదు. ఒక ట్రిప్పు పట్టే సమయం మాత్రం రెట్టింపు.

అయితే మొదటి రూట్‌ను తక్కువ చేయొద్దు. అదే దారిలో స్టేషన్ స్టేషన్‌కీ ఆగే లోకల్ బండి ఉంది, గూడ్స్ ఇంజన్ ఉంది. లోకల్ నడిపితే అదే 58 కిలోమీటర్లు గంట సేపు వస్తుంది. కాబట్టి కొనేముందు రూట్ ఎంత పొడవని మాత్రమే అడక్కండి. దాని మీద ఎన్ని రకాల బళ్లు నడపొచ్చని అడగండి.

లెక్క వేసి చూపిస్తారా?

చూపిస్తాను, అంకెలు ఊహించినవే. 1,500 రూపాయలకు 150 కిలోమీటర్ల రూట్ ఒకటి, అదే 1,500కు 60 కిలోమీటర్ల రూట్ ఒకటి. కిలోమీటరు లెక్కన మొదటిది 10 రూపాయలు, రెండోది 25. మొదటిది చవకనిపిస్తుంది. మొదటిదాన్ని మూడు ట్రిప్పులు, మొత్తం ఆరు గంటలు నడిపి పక్కన పెట్టేశారనుకోండి, గంటకు 250 రూపాయలు పడింది. రెండోదాన్ని ఆరు నెలల్లో 40 గంటలు నడిపితే గంటకు 37 రూపాయల 50 పైసలు. విజయవాడలో సినిమా టికెట్ ధరతో పోల్చుకుని ఏది ఖరీదో మీరే చెప్పండి.

ఈ లెక్క కొన్నాకే తెలుస్తుంది కదా అంటారు. నిజమే. అందుకే మీ దగ్గర ఇప్పటికే ఉన్న రూట్లకు ముందు ఈ లెక్క వేయండి. ఈ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఆట మొత్తం మీద ఎన్ని గంటలు గడిపారో కనిపిస్తుంది కానీ ఏ రూట్‌కు ఎంతో విడిగా రాదు. నేను చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటాను: తేదీ, రూట్, బండి, ఎంతసేపు. మూడు నెలలు రాస్తే మీకు ఏ రకం రూట్ సరిపడుతుందో స్పష్టంగా తెలిసిపోతుంది. నాకు పొడవాటి హైస్పీడ్ రూట్లు సరిపడవని అలాగే తెలిసింది. అంతకుముందు అవే ఎక్కువగా కొనేవాణ్ని.

13, 14 కిలోమీటర్ల రూట్‌కు కూడా అంత ధర ఎందుకు?

రూట్‌లో ఖరీదైన పని పట్టాలు పరచడం కాదు కాబట్టి. పొలాల మధ్య పది కిలోమీటర్ల పట్టా వేయడం కంటే ఒక పెద్ద స్టేషన్‌ను కట్టడం ఎంతో ఎక్కువ పని. ప్లాట్‌ఫారాల పొడవు, పైకప్పు, బోర్డులు, బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే పాయింట్లు, ప్రతి సిగ్నల్ ఏ దారికి ఏ రంగు చూపాలో అన్నీ చూసుకోవాలి. వాటన్నిటికంటే పెద్ద పని ఇంజన్. లోపల ప్రతి స్విచ్ పనిచేయాలి, బ్రేకు అసలు బండిలా పట్టాలి, శబ్దం అసలు బండి దగ్గర రికార్డు చేసి తేవాలి. మీరిచ్చే ధరలో పెద్ద వాటా వీటికే పోతుంది. పట్టా పొడవు అందులో చిన్న భాగం.

ఇంగ్లండ్ దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ అనే దీవి మీద ఉన్న లైను 13 కిలోమీటర్ల పైచిలుకు. స్టేషన్లు ఎనిమిదే. ట్రైన్ సిమ్ వరల్డ్ 2కి ఆ రూట్ వచ్చినప్పుడు పొడవు చూసి నవ్వినవాళ్లున్నారు. లండన్ భూగర్భ రైలు కోసం 1938లో తయారుచేసిన పెట్టెలను అక్కడ ఎనభై ఏళ్లు దాటినా నడిపారు. ఆ బండి కోసమే కొన్నవాళ్లకు 13 కిలోమీటర్లు తక్కువ అనిపించలేదు. ఆ బండి మీద ఇష్టం లేనివాళ్లకు మాత్రం ఎంత చవకైనా దండగే. చిన్న రూట్ విషయంలో ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి: అక్కడ మీరు కొంటున్నది బండిని, రూట్ దానితో పాటు వస్తుంది.

ప్రకటనలో రాసే పొడవును నమ్మొచ్చా?

అబద్ధం చెప్పరు. కానీ ఏం కొలిచారో చూడాలి. మొదటిది, బ్రిటన్, అమెరికా రూట్లకు మైళ్లలో రాస్తారు. 50 మైళ్లంటే 80 కిలోమీటర్లు. జర్మనీ రూట్ 80 కిలోమీటర్లు, ఇంగ్లండ్ రూట్ 50 మైళ్లు అని పక్కపక్కన కనిపిస్తే మొదటిదే పెద్దదని పొరబడేవాళ్లను చూశాను. రెండూ ఒకటే.

రెండోది, మెయిన్ లైన్ పొడవుకు బ్రాంచి లైన్లు కలిపి చెబుతున్నారా అన్నది. 100 కిలోమీటర్లని రాసి ఉంటే ఒక చివర నుంచి ఇంకో చివరకు వంద ఉండకపోవచ్చు. 70 మెయిన్ లైన్, 30 బ్రాంచి కావచ్చు. నాకైతే అదే మంచిది, విజయవాడ–గుంటూరు–తెనాలి త్రికోణంలా దారులు ఎంచుకోవచ్చు. ఒకే బండిని గంటలకొద్దీ నడపాలనుకునేవాళ్లు మాత్రం మ్యాపు చూసి కొనాలి.

పట్టాల మొత్తం పొడవు చెబితే జాగ్రత్త. నాలుగు లైన్ల మార్గం 25 కిలోమీటర్లుంటే పట్టాలు కలిపి వంద అవుతాయి.

పొడవైన రూట్ కొనడం అసలు దండగేనా?

కానే కాదు. ఎవరికి పనికొస్తుందో చెబుతాను.

గూడ్స్ నడిపేవాళ్లకు పొడవు కావాలి. బరువైన రేక్‌ను కదిలించి వేగం అందుకోవడానికే చాలా దూరం పడుతుంది. ఇరవై కిలోమీటర్ల రూట్‌లో గూడ్స్ నడిపితే వేగం అందుకునేలోపే ఆఖరి స్టేషన్ వచ్చేస్తుంది. స్టీమ్ ఇంజన్ నడిపేవాళ్లకూ అంతే. నిప్పు, నీళ్లు, ఆవిరి పీడనం మూడూ చూసుకుంటూ వెళ్లే పనికి దూరం ఉంటేనే అర్థం. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో వచ్చిన సెటిల్–కార్లైల్ లైను నాకు ఇప్పటికీ గుర్తుంది. 117 కిలోమీటర్లు, కొండలెక్కి దిగే దారి, 24 కమానుల రిబుల్‌హెడ్ వంతెన. ఆ దారిలో స్టీమ్ బండి నడిపితే పొడవు భారం అనిపించదు, దారి తన పని చెబుతూనే ఉంటుంది.

మన దగ్గర అలాంటి దారి ఏదంటే గుంటూరు–నంద్యాల అంటాను. 250 కిలోమీటర్లకు పైగా. నరసరావుపేట, వినుకొండ దాకా మామూలు పొలాలు. మార్కాపురం, కంభం, గిద్దలూరు దాటాక దిగువమెట్ట దగ్గర నల్లమల మొదలవుతుంది. చెలమ, గాజులపల్లి దాకా అడవి, మలుపులు, ఎక్కుడు దిగుడు. సింగిల్ లైన్ మీద నడిచే రోజుల్లో ఎదురు బండి కోసం లూపులో, అంటే స్టేషన్‌లోని పక్క పట్టా మీద, ఆగి ఎదురుచూడటం కూడా ఆ ప్రయాణంలో భాగమే. ఇలాంటి దారి ఎవరైనా శ్రద్ధగా తయారుచేస్తే పొడవును చూసే కొనొచ్చు, ఎందుకంటే గుంటూరులో మొదలై నంద్యాల చేరేలోపు దృశ్యమూ మారుతుంది, చేసే పనీ మారుతుంది. పొడవైన రూట్‌కు నేను పెట్టే పరీక్ష ఇదొక్కటే.

పొడవుగా ఉండి ఖాళీగా ఉండే రూట్‌ను కొనకముందే ఎలా గుర్తుపట్టాలి?

నేను దెబ్బతిని నేర్చుకున్న పద్ధతి ఇది. ఒకసారి సంక్రాంతి సెలవుల్లో సేల్‌లో పెద్ద రూట్ ఒకటి తీసుకున్నాను. ప్రకటన ఫొటోలన్నీ బయల్దేరే స్టేషన్, చేరే స్టేషన్‌వే. చాలా బాగున్నాయి. మధ్యలోకి వెళ్లాక ఒకే చెట్టు వందలసార్లు, ఒకే ఇల్లు పది ఊళ్లలో. దూరంగా చదును నేల, దాని మీద అతికించినట్టున్న అడవి. గంటన్నర నడిపి ఆపేశాను. మళ్లీ తెరవలేదు.

అప్పటినుంచి ఏ రూట్ కొనాలన్నా ఎవరైనా మొత్తం ప్రయాణం నడిపి పెట్టిన వీడియో వెతుకుతాను. దాన్ని మొదటి నుంచి చూడను. సరిగ్గా మధ్యకు జరిపి ఐదు నిమిషాలు చూస్తాను. ఆ ఐదు నిమిషాల్లో లెవెల్ క్రాసింగ్, కాలువ, చిన్న స్టేషన్, మలుపు, వేగం మారే బోర్డు లాంటివి ఎన్ని వచ్చాయో లెక్కపెడతాను. మూడు నాలుగైనా రాకపోతే ఆ రూట్‌లో మధ్య భాగం ఖాళీ అన్నమాటే. తర్వాత ఇంకోచోటికి జరిపి ఒక్క నిమిషం చూస్తాను, రెండుచోట్లా అదే ఇల్లు కనిపిస్తే వదిలేస్తాను. ఈ పద్ధతికి పది నిమిషాలు చాలు. ఇప్పటిదాకా నన్ను మోసం చేయలేదు.

టైమ్‌టేబుల్ మోడ్ ఉంటే విలువ పెరుగుతుందా?

చాలా పెరుగుతుంది. సీనారియో అంటే ముందే రాసి పెట్టిన ఒక్క ప్రయాణం: ఫలానా బండి, ఫలానా సమయం, దారిలో ఫలానా సంఘటన. ఐదారు సీనారియోలు పూర్తయితే రూట్ అయిపోయినట్టే ఉంటుంది. టైమ్‌టేబుల్ మోడ్‌లో ఒక రోజంతా ఆ లైను మీద తిరిగే బళ్లన్నీ ఉంటాయి. ఏ బండి కావాలంటే అది ఎక్కి నడపొచ్చు, లేదా ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడొచ్చు. చిన్న రూట్‌ను పెద్దది చేసేది ఇదే. లండన్ బేకర్లూ లైను 23 కిలోమీటర్లు, 25 స్టేషన్లు. తెల్లవారుజామున ఖాళీ బండి, పొద్దున రద్దీ, అర్ధరాత్రి ఆఖరి బండి, ఒకే పట్టా మీద మూడు వేరు అనుభవాలు.

ట్రైన్ సిమ్యులేటర్ క్లాసిక్ అనే ఇంకో పాత ఆటలో ఇలాంటి టైమ్‌టేబుల్ లేదు. కానీ అక్కడ స్టీమ్ వర్క్‌షాప్‌లో ఆటగాళ్లు రాసిన సీనారియోలు ఉచితంగా దొరుకుతాయి. రూట్ కొనేముందు దాని పేరుతో వర్క్‌షాప్‌లో ఎన్ని ఉన్నాయో చూడండి. పేజీలకు పేజీలుంటే ఆ రూట్‌ను జనం నిజంగా వాడుతున్నారని అర్థం.

సీనారియో తెరిస్తే ఇంకో యాడ్-ఆన్ కావాలంటోంది. ఇదేమిటి?

యాడ్-ఆన్ అంటే ఆటకు అదనంగా కొనుక్కునే రూటో బండో. ఆ సీనారియో రాసినవాళ్లు వేరే యాడ్-ఆన్‌లోని ఇంజన్ గానీ పెట్టెలు గానీ వాడారు. అది మీ దగ్గర లేకపోతే నడవదు. కొనేముందు రూట్ పేజీలో, సీనారియో పేజీలో ఏమేం అవసరమో చదవండి. 800 రూపాయల రూట్ అనుకుని కొని, దానిమీద సరిగా ఆడటానికి ఇంకో 1,200 పెట్టాల్సి వస్తే ఆ రూట్ అసలు ధర 2,000. అలాగే చూడాలి.

దీనికి మంచి వైపూ ఉంది. ట్రైన్ సిమ్ వరల్డ్‌లో ఒకే ప్రాంతపు రూట్లు రెండు మూడు మీ దగ్గరుంటే, ఒకదానిలోని బళ్లు ఇంకోదాని టైమ్‌టేబుల్‌లో కనిపించడం జరుగుతుంది. అందుకే అన్ని దేశాల రూట్లు ఒక్కొక్కటి కొనడం కంటే ఒక దేశం పట్టుకుని కొనసాగడం మేలని నా అభిప్రాయం. ఆ దేశపు సిగ్నళ్లు, భద్రతా పద్ధతులు ఒకసారి నేర్చుకుంటే అన్ని రూట్లకూ పనికొస్తాయి.

సేల్ దాకా ఆగాలా? నచ్చకపోతే డబ్బు వెనక్కి వస్తుందా?

ఆగండి. స్టీమ్‌లో ఏడాదికి చాలాసార్లు తగ్గింపులు వస్తాయి, పాత రూట్లకు బాగా తగ్గుతుంది. కొత్త రూట్ వచ్చిన రోజే కొనాల్సిన తొందర ఎవరికీ లేదు. మొదటి వారాల్లో తప్పులు బయటపడి, తర్వాత సరిచేస్తారు.

డబ్బు వెనక్కి కావాలంటే స్టీమ్ నియమం గుర్తుంచుకోండి: కొన్న 14 రోజుల లోపు అడగాలి, యాడ్-ఆన్ కొన్నాక అసలు ఆటను రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉండాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. రూట్ కొన్నాక వేరే పాత రూట్ నడిపినా ఆ రెండు గంటలు కరిగిపోతాయి. కాబట్టి కొన్న రోజు ముందు కొత్తదాన్నే తెరవండి, ప్రకటనలో లేని మధ్య భాగం నుంచి మొదలుపెట్టండి. గంటలో మీకే తెలిసిపోతుంది.

మన రైల్వే బళ్లు, మన లైన్లు ఎక్కడ నడపొచ్చు?

ఓపెన్ రైల్స్ అనే సిమ్యులేటర్ ఉచితం. పాత మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ కోసం చేసిన రూట్లు, బళ్లు అందులో నడుస్తాయి. డబ్ల్యూఏపీ-7, డబ్ల్యూఏజీ-9 లాంటి మన ఇంజన్లను, భారతీయ రూట్లను ఔత్సాహికులు సొంత సమయం వెచ్చించి తయారుచేశారు. ఫోన్‌లో చాలనుకుంటే చెన్నైకి చెందిన హైబ్రో ఇంటరాక్టివ్ చేసిన ఇండియన్ ట్రైన్ సిమ్యులేటర్ ఉంది.

ఇక్కడ డబ్బు లెక్క లేదు కాబట్టి పొడవు గురించి గొడవే లేదనుకుంటారు. ఉంది. రూట్ చేసేవాళ్ల సమయం అది. మన ఊరి కుర్రాళ్లు నాతో చెప్పే మొదటి కల విజయవాడ–విశాఖపట్నం మొత్తం తయారుచేయాలని. 350 కిలోమీటర్లు. నేను చెప్పేదొక్కటే, ముందు విజయవాడ నుంచి మంగళగిరి దాకా చేయండి. కృష్ణా వంతెన, కృష్ణా కెనాల్ జంక్షన్ సరిగ్గా వస్తే జనం వాటికోసమే వెతుక్కుంటూ వస్తారు. తర్వాత గుంటూరు దాకా పెంచుకోవచ్చు.

మా అబ్బాయికి పదేళ్లు. మొదటి రూట్ ఏది కొనివ్వాలి?

ఆటతో పాటు వచ్చే రూట్లే ముందు చాలమ్మా. ప్యాకేజీలో రెండు మూడు ఉంటాయి. ఇంకోటి కావాలని బాబు అడిగినప్పుడు ఏ బండి నడపాలని ఉందో వాణ్నే అడగండి, ఆ బండి ఉన్న చిన్న రూట్ చూడండి. పిల్లలు ఒకే చిన్న దారిని యాభైసార్లు సంతోషంగా నడుపుతారు. మూడు గంటల ప్రయాణం వాళ్లకు నచ్చదు, కంటికీ మంచిది కాదు.

కొత్త వెర్షన్ వస్తే పాత రూట్ పోతుందా?

ఎక్కువగా పోదు. ట్రైన్ సిమ్ వరల్డ్ మూడో వెర్షన్ 2022లో, నాలుగోది 2023లో, ఐదోది 2024లో వచ్చాయి. పాతవాటికి కొన్న రూట్లలో చాలావరకు కొత్తదానిలోకి వస్తాయి. ఫలానా రూట్ వస్తుందా లేదా అని మార్చుకునే ముందు చూసుకుంటే చాలు.

కొన్న రూట్ మీద విసుగొచ్చింది. ఇంకోటి కొనమంటారా?

ఇంకా వద్దు. ముందు స్క్రీన్ మీద వేగం, దూరం, తర్వాతి సిగ్నల్ చూపించే పట్టీని ఆపేయండి. అసలు లోకో పైలట్‌కు అది ఉండదు, దారి గుర్తుండాలి. ఏ చెట్టు దగ్గర బ్రేకు మొదలుపెడితే ప్లాట్‌ఫారం చివర ఆగుతుందో మీరే నేర్చుకోవాలి. తర్వాత అదే ప్రయాణం వర్షంలో, రాత్రిపూట. ఆ తర్వాత ఎప్పుడూ ముట్టని గూడ్స్ బండితో. నేను ఆరోజా లైనును పట్టీ లేకుండా మంచులో కిందకు దింపడం నేర్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. 26 కిలోమీటర్లు, రోజూ రాత్రి భోజనం అయ్యాక ఒక ట్రిప్పు.